సేకరణమును కత్తెరయును

1960వ సంవత్సరమున న్యూయార్కు నగరమునుండి చెత్తపడవ యొకటి న్యూజెర్సీ తీరము దాటి అట్లాంటికు సముద్రములోనికి బయలుదేరెను. అందు పెట్టెలకు పెట్టెలుగా నిండియున్నవి అట్టముక్కలు. 1952లో టాప్స్ అను చ్యూయింగ్ గమ్ కంపెనీవారు బేస్‌బాల్ ఆటగాండ్ర బొమ్మలు అచ్చొత్తించి, గమ్ముతోపాటు పిల్లలకు అమ్మగా మిగిలిపోయిన కార్డులవి. గిడ్డంగిలో చోటు చాలలేదు. ఎంత తగ్గించి యిచ్చెదమన్నను కొనువారు లేరు. ఆ కార్డులకు రూపకల్పన చేసిన సై బర్జరే పడవ వెంట వెళ్లి వానిని సముద్రమున పోయించెనట. ఈ సంగతి ఆయనయే తరువాత పలుమాఱులు చెప్పియున్నాడు. ఆ వరుసలోనిదే, మిక్కీ మాంటిల్ అను ఆటగాని కార్డొకటి, 2022 ఆగస్టులో వేలమున 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది.

ఈ కథ విన్నవారు సాధారణముగా "అయ్యో, ఎంత ధనము నీటిపాలయ్యెను!" అందురు. నాకు తోచినది వేఱు. ఆ పెట్టెలన్నియు భద్రముగా నుండియున్నచో ఈ యొక్క కార్డునకు ఈ వెల వచ్చియుండునా? ఈ వెలలో బొమ్మయొక్క సొగసు కొంత, ఆటగాని కీర్తి కొంత యున్నమాట నిజమే కాని, అధికభాగము మునిగిపోయిన తోడికార్డులు సంపాదించిపెట్టినది. ఒకటి నశించినకొలది మఱొకదానికి విలువ పెరుగు వ్యవహారమును సేకరణమనవచ్చునా, లేక సేకరణమను పేరు పెట్టుకొన్న వ్యాపారమనవలెనా యను ప్రశ్న యిందున్నది. ఇట్టి పాతకార్డులను ముక్కలుగా కత్తిరించి, ఆ ముక్కలను అతికి చిత్రములు చేయు పద్ధతి యిటీవల అమెరికాలో కొందఱు అవలంబించుచున్నారు. ఆ చిత్రములను గూర్చి నాలుగు మాటలు వ్రాయబూనినప్పుడు, కత్తెర సంగతికి ముందు సేకరణము సంగతి తేల్చుకొనక తప్పినది కాదు.

మన పాఠకులలో క్రికెట్టు ఎఱుగనివారు అరుదు. బేస్‌బాల్ చూచినవారును అంతే అరుదు. గుండ్రని కఱ్ఱతో బంతిని కొట్టి, నాలుగు మూలలనున్న నాలుగు స్థానములను చుట్టి బయలుదేరిన చోటికే వచ్చి చేరుట ఆ యాటలోని సారము. మనవారికి క్రికెట్టు ఎట్లో వారికి బేస్‌బాల్ అట్లు. లెక్కల పిచ్చి మాత్రము మనకంటె వారికి ఒక పాలు హెచ్చు. ఈ యాటగాండ్ర బొమ్మలు 1880ల దశకమున సిగరెట్టు పెట్టెలలో ప్రవేశించినవి. మెత్తని కాగితపు పెట్టెలో సిగరెట్లు నలిగిపోకుండ నొక గట్టి అట్టముక్క పెట్టవలసివచ్చెను. పెట్టిన అట్టను ఉత్తగా నేల విడువవలెను, దానిమీద బొమ్మ వేసిన అమ్మకము పెరుగునుగదా యని వర్తకులకు తోచెను. ఇంతటి గొప్ప వ్యసనమునకు మూలము ఇంతటి చిన్న అట్టముక్క.

1909 మొదలు 1911 వఱకు అమెరికన్ టొబాకో కంపెనీవారు వెలువరించిన 524 కార్డుల వరుస యిట్టివానిలోకెల్ల ప్రసిద్ధమైనది. ఒక్కొక్క కార్డు ఒకటిన్నర అంగుళము వెడల్పైనను లేదు. రాతియచ్చున వేసిన రంగులు నూఱేండ్లు దాటినను కంటికి హాయిగొలుపుచున్నవి. ముందు ఆటగాని బొమ్మ, వెనుక సిగరెట్టు ప్రకటన. బొమ్మ పిల్లవానికి, ప్రకటన తండ్రికి. ఈ పంపకములో ఎవరు ఎవరికి దారి చూపించిరో చెప్పనక్కఱలేదు. ఇందు పిట్స్‌బర్గు జట్టువాడగు హోనస్ వాగ్నర్ కార్డు కొలదిగా అచ్చయిన పిమ్మట నిలిచిపోయెను. తన బొమ్మను ఆయన యొప్పకపోవుటయే కారణము. పిల్లలు తన బొమ్మకొఱకు సిగరెట్లు కొనుట యిష్టము లేక యని కొందఱు, సొమ్ము ముట్టక యని కొందఱు చెప్పుదురు. ఆయనయే పొగాకు నమలువాడగుటచే రెండవ పక్షమువారికి కొంత బలము చిక్కినది. కాని తనకు పట్టిన చెడ్డ అలవాటు పిల్లలకు పట్టకూడదని కోరు తండ్రులు మన వీధిలోనే పదిమంది కలరు గనుక నేను మొదటి పక్షమును పూర్తిగా త్రోసివేయజాలను. కారణమేదైనను నేటికి మిగిలిన వాగ్నర్ కార్డులు ఏబది యఱువది యందురు. 2022లో నొకటి 72 లక్షల 50 వేల డాలర్లు పలికినది.

సంస్కృతమున సంచయమని, సంగ్రహమని రెండు మాటలున్నవి. సంచయమనగా కుప్ప. సంగ్రహమనగా కుప్ప కాదు. పట్టుకొనుట, క్లుప్తముగా గ్రహించుట యను అర్థములు అందు ఇమిడియున్నవి. తర్కసంగ్రహము చదువుకొన్నవారు ఆ పుస్తకమునకు ఆ పేరేల వచ్చినదో యెఱుగుదురు. ధనికుని యినుపపెట్టెలో నున్న వాగ్నర్ కార్డు సంచయము. సంగ్రహమునకు ఉదాహరణము కావలెనన్నచో జెఫర్సన్ బర్డిక్ అను కార్మికుని చరిత్ర చూడవలెను.

బర్డిక్ 1900లో జన్మించెను. న్యూయార్కు రాష్ట్రమునందలి సిరక్యూస్ పట్టణమున విద్యుత్పరికరముల కర్మాగారములో పనిచేసి జీవించెను. పెండ్లి చేసికొనలేదు. కీళ్లవాతము నడివయస్సునుండియే ఆయనను పీడించి వ్రేళ్లను వంకరచేసెను. ఆయన సిగరెట్టు కార్డులే కాక వర్తకుల ప్రకటన కార్డులు, పోస్టుకార్డులు, శుభాకాంక్షల పత్రములు, ఇట్లు జనులు చూచి పాఱవేయు అచ్చుకాగితములన్నియు కూడబెట్టెను. మొత్తము మూడు లక్షలకు పైబడినవి. అందు బేస్‌బాల్ కార్డులు ముప్పదివేలకు పైగా నుండెను. కూడబెట్టి యూరకుండలేదు. ఏ కార్డు ఏ కంపెనీది, ఏ యేట వెలువడినది, ఆ వరుసలో ఎన్ని కలవు అని విచారించి ఒక పట్టికను 1939లో ప్రకటించెను. అంతవఱకు ఈ కార్డులకు పేర్లే లేవు. ఇరువదవ శతాబ్దపు పొగాకు కార్డులకు "టి" యను అక్షరము గుర్తుగా పెట్టి సంఖ్యలు వేసెను. పైని చెప్పిన వాగ్నర్ గల వరుసకు "టి 206" అని ఆయన పెట్టిన పేరే నేటికిని నిలిచియున్నది. కోట్లు పెట్టి కొనువారును ఆ కార్మికుడు పెట్టిన పేరుతోనే కొనుచున్నారు. తొలి పట్టికలలో ఆయన వాగ్నర్ కార్డునకు కట్టిన వెల 50 డాలర్లు. తక్కిన కార్డులలో పెక్కింటి వెలలు కొలది సెంట్లు మాత్రమే.

1947 మొదలు ఆయన తన సర్వస్వమును న్యూయార్కునందలి మెట్రొపాలిటన్ కళాప్రదర్శనశాలకు దానముగా పంపనారంభించెను. అచ్చుచిత్రముల శాఖాధిపతియగు హయత్ మేయర్, వీనిని చెత్తయని త్రోసిపుచ్చక, వరుసగా ఆల్బములకు ఎక్కించి యిచ్చినచో తీసికొందునని యొప్పుకొనెను. తుదకు బర్డిక్ ఉద్యోగము మాని న్యూయార్కునకే వచ్చి, ఆ శాలలో నొక బల్లయొద్ద కూర్చుండి, వంకరబోయిన వ్రేళ్లతో ఒక్కొక్క కార్డునే పుటలకు అంటించెను. 1963 జనవరిలో ఆ పని ముగిసెను. మార్చిలో ఆయన మరణించెను.

ఆ "అంటించెను" అను మాటను చదువరులు గమనింపవలెను. నేటి కార్డుల వర్తకమున జిగురు మహాపాతకము. కార్డులకు ఒకటి మొదలు పది వఱకు మార్కులు వేయుటకై ప్రత్యేకముగా కంపెనీలు పుట్టినవి. మూల వంగినచో కొన్ని మార్కులు పోవును. అంచు నలిగినచో మఱికొన్ని. వెనుక జిగురు మరకయున్నచో చెప్పనే యక్కఱలేదు. మార్కులు వేసిన కార్డును గాజువంటి ప్లాస్టిక్కు పెట్టెలో బిగింతురు. ఆ పిమ్మట ఆ కార్డును ఏ పిల్లవాని చేయియు తాకదు. ఈ కొలతతో చూచినచో బర్డిక్ మహాశయుడు ముప్పదివేల కార్డులను చేతులార పాడుచేసినవాడగును! ఆయన దృష్టిలో కార్డు చూచుటకు, పోల్చుటకు, తెలిసికొనుటకు పనికివచ్చునది. వారి దృష్టిలో అది ముట్టకుండ నుంచుటకు పనికివచ్చునది.

ముట్టకుండ నుంచుటయు నిజము కాదని తేల్చిన సంగతి యొకటి కలదు. వాగ్నర్ కార్డులలోకెల్ల నిగనిగలాడుచున్నదని పేరుపొందినది 1991లో 4 లక్షల 51 వేల డాలర్లకును, 2007లో 28 లక్షల డాలర్లకును చేతులు మాఱినది. దానికి ఎనిమిది మార్కులు వచ్చినవి. పూర్వము దానిని కొని అమ్మిన ప్రసిద్ధ వేలముదారుడు 2013లో న్యాయస్థానమున, తానే ఆ కార్డు అంచులను పదునుగా కనబడునట్లు కత్తిరించితినని యొప్పుకొనెను. అనగా అన్నిటికంటె పవిత్రమని పూజలందిన కార్డు కత్తెర తాకినదే. అది వెల పెంచుటకు దొంగచాటుగా వేసిన కత్తెర. కావున దానిని ఎవరును కళ యనలేదు.

ఇక బాహాటముగా వేయు కత్తెర సంగతి. దీనికి సరకు ఎక్కడనుండి వచ్చినదో తెలియవలెను. 1970ల తరువాత పాతకార్డుల వెలలు పెరుగజొచ్చెను. మా తల్లి నా కార్డులు పాఱవేయకున్న నేడు నేను శ్రీమంతుడనై యుందునని వగచుట అమెరికావారికి ఒక పరిపాటి యైనది. ఈ విషయమున వారి తల్లులకును మన తల్లులకును భేదము లేదు. నేనును చిన్ననాడు బబుల్ గమ్ పొట్లములలో వచ్చు క్రికెట్టు ఆటగాండ్ర బొమ్మలు బిస్కట్ల డబ్బా నిండ కూర్చితిని. ఒక వేసవి సెలవులలో నేను అమ్మమ్మగారి యూరు పోయి వచ్చునప్పటికి మా యమ్మ వానిని పాతకాగితములవానికి తూకమునకు వేసినది. అరకిలో కూడ తూగలేదని విసుగుకొన్నది. అమెరికాలో ఈ వగపు వ్యాపారమైనది. 1981లో టాప్స్‌కు పోటీగా ఫ్లీర్, డాన్‌రస్ కంపెనీలు దిగినవి. 1989 నాటికి మఱి రెండు. రేపు ధనము పండునను ఆశతో జనులు పెట్టెలకు పెట్టెలు కొని, సీలు విప్పకుండ అటకల మీద దాచిరి. అందఱును దాచుటచే ఏ కార్డును అరుదు కాలేదు. ముప్పది, నలువదేండ్లు గడచినను ఆనాటి కార్డులలో పెక్కింటిని అచ్చు ఖర్చులకు కొనువాడును లేడు.

ఈ కొననొల్లని కార్డులే కళాకారులకు రంగులపెట్టె యైనవి. 1987 నాటి టాప్స్ కార్డులకు చెక్కపలకను పోలిన గోధుమరంగు అంచు; 1990 నాటి డాన్‌రస్‌కు ఎఱ్ఱ అంచు; 1991 నాటి ఫ్లీర్‌కు కన్ను చెదరు పసుపు అంచు. మైదానములనుండి పచ్చన, ఆకాశములనుండి నీలము, చొక్కాలనుండి తెలుపును బూడిదరంగును, ఆటగాండ్ర చేతులనుండి చెక్కిళ్లనుండి చామన, తెలుపు, నలుపు వన్నెలన్నియు దొరకును. వందలకొలది కార్డులను గోరంత ముక్కలు చేసి, వన్నెల వారీగా వేఱుపఱచి, పలకమీద అతికి, దూరమునుండి చూచినచో ఒక ముఖము, దగ్గఱనుండి చూచినచో వేయి ముఖముల తునకలు కనబడునట్లు చేయుదురు. పనితనమున వంక పెట్టుటకు లేదు. బుగ్గమీది నీడను నలుగురు వేర్వేఱు ఆటగాండ్ర మోచేతుల ముక్కలతో తీర్చిన నేర్పు నేను ముద్రితచిత్రమున చూచి చాలసేపు కదలలేకపోతిని.

పాతవస్తువును ముక్కలు చేయుట పాపమను వాదమునకు నాయొద్ద ఆదరము లేదు. లక్షలకొలది యచ్చయిన వస్తువునకు తనదియను ముఖము కలిగించుట మన యిండ్లలోని యాడవారు ఎఱుగని విద్య కాదు. రవివర్మ 1894లో స్థాపించిన ముద్రణాలయమునుండి లక్ష్మీసరస్వతుల పటములు దక్షిణదేశమెల్ల వ్యాపించినప్పుడు, పెక్కుచోట్ల ఇల్లాండ్రు ఆ పటములమీద జరీపేటులు, పూసలు, పట్టుముక్కలు అతికి దేవికి చీర కట్టిరి. అచ్చు అందఱిది, చీర ఆమెది. అట్టి పటములను నేడు ప్రదర్శనశాలలవారు దాచుచున్నారు. బొంత కుట్టిన అవ్వకు పాతచీర చింపుట నేరమని ఎవరును చెప్పలేదు. అరుదైన దానిని చింపిన తప్పు. విరివియైన దానిని చింపిన తప్పు కాదు. 1987 నాటి కార్డు చింపిన దేవతలెవరును కోపింపరు.

నా యాక్షేపణ వేఱొకచోట నున్నది. ఇన్ని వందల కార్డులు కోసి ఆ కళాకారులు తఱుచుగా అతుకుచున్న చిత్రమేది? అదే వాగ్నర్ కార్డు. అదే 1952 నాటి మాంటిల్ కార్డు. పేదకార్డులను కోసి ధనికకార్డు బొమ్మ కూర్చుచున్నారు. మంచి భావముతో చూచువారు ఇందొక పరిహాసమున్నదందురు: విలువలేనివన్నియు చేరి విలువగలదానిని నిర్మించినవని. మొదటి చిత్రమునకు ఆ పరిహాసము చెల్లినది. పదియవ చిత్రమునకు అది పూజ యైనది. వేలముపాటవారు ఏ విగ్రహమును నిలిపిరో ఆ విగ్రహమునకే కళాకారుడును అర్చన చేసినచో, సంచయమునకు సంగ్రహమను పేరు పెట్టిన తప్పే కళకును తగులును. 2020లో టాప్స్ కంపెనీయే ఇరువదిమంది కళాకారులచేత ఇరువది పాతకార్డులను మఱల చిత్రింపజేసి 400 క్రొత్తకార్డులుగా అమ్మినది. అందు కొన్ని ముచ్చటగానున్నవి; మొత్తముమీద అది దుకాణము తన గోడకు తానే వేసికొన్న సున్నము.

మఱొక లోపమును చెప్పవలెను. కార్డునకు వెనుకవైపు కలదు. ముందు బొమ్మయైతే వెనుక బ్రతుకు: పుట్టిన యూరు, ఎత్తు, బరువు, ఏయేట ఎన్ని పరుగులు. మూడు నెలలు మాత్రమే పెద్దజట్టులో ఆడి వెనుదిరిగినవానికిని ఆ నాలుగు పంక్తులుండును. పిల్లలు లెక్కలు నేర్చినది అక్కడనే. ముక్కను పలకకు అంటించినప్పుడు ఈ వెనుకవైపు శాశ్వతముగా గోడవైపు తిరిగిపోవును. బర్డిక్ కూడ అంటించినవాడేగదా యని యడుగుదురేమో. ఆయన అంటించుటకు ముందు వెనుకనున్నదంతయు పట్టికకు ఎక్కించినాడు.

ఈ రెండు చిక్కులను గ్రహించి పనిచేసినవారును కలరు. అందు ఆండీ వార్హాల్‌ను నేను చేర్చను. ఆయన 1985లో సిన్సినాటి కళాప్రదర్శనశాలవారు కోరగా, ఆ యూరి జట్టు నాయకుడగు పీట్ రోజ్‌ను బేస్‌బాల్ కార్డు రూపమున చిత్రించెను. టై కాబ్ అను పూర్వపు ఆటగాని 4191 దెబ్బల రికార్డును రోజ్ దాటిన యేడది. చిత్రము మెఱయుచున్నది, అంతకు మించి లేదు. కార్డును పెద్దదిగా చేసిన కార్డు పెద్దదగునే కాని చిత్రము లోతు కాదు. నాలుగేండ్లకే, 1989లో, పందెములు కాసిన దోషమునకు రోజ్‌ను ఆటనుండి వెలివేసిరి. ఆయన 2024లో మరణించిన పిమ్మట, 2025లో ఆ వెలి తొలగింపబడెను. ఇన్ని జరిగినను చిత్రములో ఏమియు మాఱలేదు. దానిలో ఆ మనుష్యుడు మొదటనే లేడు.

మైక్ మాండెల్ చేసిన పని నాకు ఇంతకంటె ఎక్కువ నచ్చినది. 1974లో ఆ యువకుడు దేశమంతయు తిరిగి, ఆన్సెల్ ఆడమ్స్ మొదలుగాగల ఫొటోగ్రాఫర్లకు టోపీలు పెట్టి, చేతికి కఱ్ఱయు బంతియు నిచ్చి, బేస్‌బాల్ ఆటగాండ్రవలె నిలువబెట్టి ఫొటోలు తీసెను. 134 కార్డులైనవి. 1975లో వానిని పదేసి చొప్పున పొట్లములు కట్టి, టాప్స్‌వారి గమ్ముతో సహా అమ్మెను. వెనుకవైపున వారికిష్టమైన కెమేరా యేది, కాగితమేది అని అచ్చొత్తించెను. ఫొటోగ్రఫీ అప్పుడప్పుడే పెద్ద కళగా గుర్తింపబడుచు, దాని గొప్పవారు కూడ వేలముపాటల దారి పట్టుచున్న కాలమది. గొప్పవారిని చిన్న అట్టముక్కలు చేసి పిల్లలవలె మార్చుకొండని యిచ్చినాడు. ఇందు ఒక్క పాతకార్డును చింపలేదు. కాని కార్డనగా నేమో ఇందు తెలిసినంతగా వాగ్నర్ అతుకుచిత్రములలో తెలియదు.

ఇంకను ముఖ్యమైన సంగతి మిగిలియున్నది. టి 206 వరుసలోని 524 కార్డులలో నల్లజాతివాడు ఒక్కడును లేడు. కార్డు వేసినవారు ప్రత్యేకముగా తొలగింపలేదు. తొలగింపవలసిన పని రాలేదు. 1880ల చివరనుండి 1947 వఱకు నల్లవారిని పెద్దజట్లలో చేర్చుకొనకపోవుట వ్రాతలేని కట్టుబాటు. మన యూళ్లలో బావిగట్టుమీద బోర్డు లేకుండనే ఎవరు తోడవచ్చునో ఎవరు తోడరాదో అందఱికిని తెలిసియుండెడిది; అట్టిదే యిదియు. నల్లవారు తమ జట్లు, తమ పోటీలు వేఱుగా ఏర్పఱచుకొని ఆడిరి. వారిలో జాష్ గిబ్సన్ అను మేటి కొట్టుగాడు 1947 జనవరి 20వ తేదీన, ముప్పదియైదేండ్ల వయస్సున మరణించెను. మూడు నెలలు తిరుగకుండ, ఏప్రిలు 15వ తేదీన, జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ జట్టున దిగి ఆ కట్టుబాటును త్రెంచెను.

2020లో బేస్‌బాల్ పాలకులు ఆ నల్లజట్ల పోటీలకును పెద్దపోటీల హోదా నిచ్చిరి. 2024లో లెక్కలు కలిపిరి. కలుపగా, వేయిమాఱులు కొట్టబోయి 367 మాఱులు సఫలుడై అగ్రస్థానమున నున్న టై కాబ్, 372 మాఱులు సఫలుడైన గిబ్సన్‌కు వెనుకపడెను. ఒక శతాబ్దముగా పిల్లలు కార్డుల వెనుక చదివి నేర్చిన లెక్క తప్పైనది. కాబ్ బొమ్మ టి 206 వరుసలో నాలుగు విధములుగా నున్నది. గిబ్సన్ ఆడుచున్న కాలమున అమెరికాలో ఏ గమ్ము కంపెనీయు, ఏ సిగరెట్టు కంపెనీయు ఆయన కార్డు వేసియుండలేదు. కుప్ప పూర్తియైనదని చెప్పుకొను సేకర్త ఈ లెక్కయెదుట ఏమి చెప్పును? 524కు 524 చేర్చినవాని ఆల్బములోను ఆనాటి ఆట సగమైన లేదు.

1974లో లాఫ్లిన్ అను చిత్రకారుడు ఈ నల్లజట్ల పూర్వపు ఆటగాండ్రను స్వహస్తముతో గీసి 36 కార్డుల వరుస వెలువరించెను. రేఖలు సాదాగా నున్నవి; వార్హాల్ రంగులముందు నిలుచునవి కావు. అయినను లేని కార్డును కలిగించినవి. అతుకుచిత్రముల కళాకారులు ఈ దారి పట్టినచో వారి కత్తెరకు అడ్డు చెప్పువాడను కాను. వారియొద్ద లక్షలకొలది కార్డులున్నవి. 1980ల నాటి కార్డులలో నల్లవారి ముఖములకు కొఱత లేదు. గిబ్సన్‌ను ఎవ్వరు తరువాత ఆ యాటలో నిలువగలిగిరో వారి ముక్కలతోనే గిబ్సన్ ముఖము అతికినచో, ఆ చిత్రమునకు ముందువైపును వెనుకవైపును రెండును ఉండును. మాంటిల్ పసుపు కఱ్ఱను మఱొకమాఱు అతుకుటకు ఇంత శ్రమ యేల?

ఈ చిత్రముల ప్రతులను నేను మా యెనిమిదవ తరగతి పిల్లలకు చూపితిని. మాకు కార్డులు ఎక్కడివి, మాస్టారూ అని వారడుగగా, మీ యిండ్లలో పాత పెండ్లిపత్రికలు లేవా యంటిని. మఱునాడు బల్లమీద గుట్ట పడినది. బంగారు అంచులు, పసుపు, కుంకుమరంగు, వినాయకుడు, అరటిచెట్లు, డోలు సన్నాయి. పెక్కుమంది సినిమా నటుల ముఖములు అతికిరి, ఇద్దఱు క్రికెట్టు వీరుని అతికిరి, నేను కాదనలేదు. ఒక బాలిక మాత్రము మా బడిలో మధ్యాహ్నభోజనము వండు ఆమె బొమ్మను చేసినది. ఏ పెండ్లిపత్రికమీదను ఆమె పేరు అచ్చుపడలేదని ఆ బాలికకు తోచినదో, తోచనే లేదో నేను అడుగలేదు. బంగారు అంచులన్నియు కత్తిరించి గరిటెకు అతికినది. ఆ చిత్రమును తరగతి గోడకు తగిలించితిమి. వంటామె చెంగుతో చేతులు తుడుచుకొనుచు వచ్చి, చాలసేపు చూచి, తనకు ఆ రంగు చీర లేదే యన్నది.